మీ ప్రశ్నలు - మా జవాబులు: మన జాడ ఎవరి దగ్గర, ఎన్నాళ్ళు?

పోయిన సంచికలో "నెట్ ప్రైవసీ గురించి డౌట్లుంటే రాయండి" అని మూలన చిన్న బాక్స్ వేశాం. నాలుగైదు మెయిళ్ళు వస్తాయేమో అనుకున్నా, తీరా చూస్తే సబ్ ఎడిటర్ గారు ప్రింట్లు తీయలేక నన్నే ఆఫీసుకి రమ్మన్నారు. అన్నీ వేయలేం కాబట్టి ఒకే టైపు ప్రశ్నల్ని కలిపేశాం, పేర్లు వేయొద్దని చాలామంది అడిగారు కాబట్టి ఎవరి పేరూ వేయట్లేదు, ప్రైవసీ శీర్షికలో పేర్లు వేస్తే బాగోదు కూడా. ఇంకో మాట, నేను లాయర్ని కాదు. ఓ చిన్న కేబుల్ నెట్ కంపెనీలో పన్నెండేళ్ళు నెట్‌వర్క్ పని చేశా, వైర్లు లాగడం దగ్గర్నుంచి సర్వర్ రూం దాకా. కేసులో ఇరుక్కున్నవాళ్ళు దయచేసి లాయర్ దగ్గరికి వెళ్ళండి, నాకు రాయకండి.

ప్రశ్న: అన్నా, మా ఇంట్లో లోకల్ కేబుల్ ఆయన ఇచ్చిన ఫైబర్ నెట్ ఉంది. నేను ఏ సైట్లు చూస్తున్నానో ఆయనకి తెలుస్తుందా? నేనైతే ఇన్‌కాగ్నిటోలోనే చూస్తా. మా ఫ్రెండేమో వీపీఎన్ వేస్కోరా, ఎవడికీ తెలీదు అంటున్నాడు. – డిగ్రీ స్టూడెంట్, విజయవాడ

జవాబు: తమ్ముడూ, ముందు ఇన్‌కాగ్నిటో సంగతి తేల్చేద్దాం. అది మీ అక్కకి కనపడకుండా ఉండటానికి పనికొస్తుంది. ఫోన్లో హిస్టరీ మిగలదు, అంతే. నెట్ ఇచ్చినాయనకీ, నువ్వెళ్ళిన సైటుకీ నువ్వు ఎప్పట్లాగే కనపడతావు. ఇన్‌కాగ్నిటోలో ఉన్నా మా డేటా తీస్కుంటున్నారు అని అమెరికాలో జనం 2020లో గూగుల్ మీద కేసు వేస్తే, 2024లో గూగుల్ రాజీకొచ్చి ఆ మోడ్‌లో పోగేసిన పాత రికార్డులు చెరిపేస్తాం అని ఒప్పుకుంది. చెరిపేస్తాం అన్నారంటే అన్నాళ్ళూ ఉన్నట్టేగా.

ఇక నెట్ ఇచ్చినాయన. ఈ రోజుల్లో దాదాపు అన్ని సైట్లూ https అనే తాళం వేసుకునే నడుస్తాయి కాబట్టి లోపల నువ్వేం చదివావో, ఏం టైప్ చేశావో ఆయనకి కనపడదు. కానీ ఏ సైటుకి వెళ్ళావో, ఎన్నింటికి వెళ్ళావో, ఎంతసేపు ఉన్నావో మామూలుగా అయితే కనపడుతుంది. రాత్రి 1:40కి ఒక సంతాన సాఫల్య కేంద్రం సైటు తెరిచి ఇరవై నిమిషాలు ఉన్నారు అనుకో, లోపల ఏం చదివారో తెలియకపోతే ఏంటి, ఆ ఒక్క లైను చాలదా ఆ ఇంటి సంగతి చెప్పడానికి?

లైను అని ఎందుకన్నానంటే అది నిజంగా ఒక లైనే. నేను పనిచేసిన చోట లాగ్, అంటే ఎవరు ఎప్పుడు ఎక్కడికి కనెక్ట్ అయ్యారో సిస్టం రాసుకునే చిట్టా, తెరిస్తే ఇలా ఉండేది: కస్టమర్ ఐడీ, లోపలి ఐపీ (ఐపీ అంటే నెట్‌లో అడ్రసు లాంటి నెంబరు), బయటి ఐపీ, పోర్ట్ నెంబరు, అవతలి ఐపీ, మొదలైన టైం, ఆగిన టైం. ఒకే బయటి ఐపీని వందల ఇళ్ళకి పంచుతాం కాబట్టి ఆ పోర్ట్ నెంబరు లేకపోతే ఎవరు ఎవరో తేలదు, అందుకే అది తప్పకుండా రాసిపెట్టాలి. ఒక్క ఇంట్లో ఒక్క సాయంత్రం టీవీ, రెండు ఫోన్లు నడిస్తే ఇలాంటివి వేలల్లో పడతాయి. వీటిని కనీసం ఏడాది దాచాలి అని ఉండేది, 2021 డిసెంబర్‌లో టెలికాం శాఖ లైసెన్స్ షరతులు మార్చి కనీసం రెండేళ్ళు చేసింది. కాల్ రికార్డులకీ అదే లెక్క.

దాచమని గవర్నమెంట్ చెప్తుంది సరే, ఎలా దాస్తారు అన్నది ఎవరూ అడగరు. మా సర్వర్ రూం అంటే మెట్ల కింద గది. ఏసీ ఉండేది అక్కడొక్కచోటే కాబట్టి ఎండాకాలం అందరి టిఫిన్ బాక్సులూ ఆ ర్యాక్ పక్కనే, లైన్‌మెన్ మధ్యాహ్నం అక్కడే కునుకు తీసేవాళ్ళు. మానిటర్‌కి పసుపు రంగు చీటీ అంటించి ఉండేది, దానిమీద పాస్‌వర్డ్. ఊరు ఊరంతా ఏ రాత్రి ఏం చూసిందో ఆ గదిలో ఉంది. మా వాళ్ళు మంచోళ్ళు కాబట్టి ఎవరూ కెలకలేదు అనుకుంటున్నా, అనుకోవడం తప్ప నాకూ తెలీదు, ఎందుకంటే ఎవరు చూశారు అన్నదానికి మాత్రం లాగ్ లేదు.

ఇప్పుడు వీపీఎన్, అంటే మన నెట్ రాకపోకలన్నీ తాళం వేసి ఇంకో కంపెనీ సర్వర్ మీదుగా పంపేది. అది వేస్తే నెట్ ఇచ్చినాయనకి "వీడు వీపీఎన్‌కి కనెక్ట్ అయ్యాడు" అని తప్ప ఇంకేం కనపడదు, మీ ఫ్రెండ్ చెప్పింది అంతవరకు కరెక్టే. కాకపోతే ఇప్పటిదాకా ఈయనకి కనపడింది ఇకనుంచి వీపీఎన్ కంపెనీకి కనపడుతుంది, మనం చేసిందల్లా తాళంచెవి చేతులు మార్చడం. ఫ్రీ వీపీఎన్ అయితే మరీ జాగ్రత్త. ఫేస్‌బుక్ కొనుక్కున్న ఓనావో అని ఒకటి ఉండేది, ఫ్రీగా ఇచ్చేవాళ్ళు, జనం ఏ యాప్ ఎంత వాడుతున్నారో దాంట్లోంచే ఫేస్‌బుక్ చూస్కునేది, గొడవయ్యి 2018లో ఆపిల్ స్టోర్ నుంచి పోయింది, ఆ తర్వాత ఏడాది మూతపడింది.

మన దేశంలో ఇంకో మెలిక ఉంది. సెర్ట్-ఇన్ అనే కేంద్ర సంస్థ 2022 ఏప్రిల్ 28న ఒక ఆదేశం ఇచ్చింది. మామూలు జనానికి సర్వీస్ ఇచ్చే వీపీఎన్ కంపెనీలు కస్టమర్ పేరు, అడ్రసు, ఫోను, ఈమెయిలు, ఇచ్చిన ఐపీ, ఎందుకు తీసుకున్నాడు అన్న కారణంతో సహా ఐదేళ్ళు దాచాలి, కస్టమర్ మానేసినా సరే. లాగ్‌లు 180 రోజులు. అసలు లాగ్‌లే ఉంచం అని చెప్పుకుని బతికే కంపెనీలకి ఇది గొంతులో వెలక్కాయ కదా, ఎక్స్‌ప్రెస్ వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్, ప్రోటాన్ అన్నీ ఇండియాలో సర్వర్లు తీసేసి వెళ్ళిపోయాయి. ఇప్పుడు వాటిల్లో కొన్నిట్లో ఇండియా అని కనపడుతుంది చూడు, ఆ మెషీన్ సింగపూర్ లాంటి చోటెక్కడో ఉంటుంది, అడ్రసు మాత్రం మనది చూపిస్తుంది. వీపీఎన్ వాడటం నేరమా అని నీలాగే ఇంకో ముగ్గురు అడిగారు, మన దగ్గర నేరం కాదు. జమ్మూ కాశ్మీర్‌లో మాత్రం కొన్ని జిల్లాల్లో అప్పుడప్పుడు నిషేధిస్తూ ఆర్డర్లు ఇస్తుంటారు.

నన్నడిగితే డబ్బు పెట్టి వీపీఎన్ కొనేముందు ఫోన్ సెట్టింగ్స్‌లో "ప్రైవేట్ డీఎన్ఎస్" అని వెతుకు, ఆండ్రాయిడ్ 9 నుంచి ఉంది, ఫ్రీ. దాంతో ఏ సైటు అడుగుతున్నావన్న ప్రశ్న నెట్ ఆయన సర్వర్‌కి వెళ్ళకుండా, తాళం వేసి వేరేచోటికి వెళ్తుంది. మొత్తం కప్పేయదు, సైటు పేరు ఇంకోదారిలో కొంత బయటపడుతూనే ఉంటుంది, అయినా ఒక కిటికీ మూసినట్టే. ఇక వీపీఎన్ వేసుకుని అదే బ్రౌజర్లో జీమెయిల్‌కి లాగిన్ అయ్యి కూర్చుంటే మాత్రం, గూగుల్‌కి నువ్వెవరో నువ్వే చెప్పినట్టు, ఎన్ని సర్వర్లు మార్చినా దండగే.

ప్రశ్న: ఫోన్ ట్యాపింగ్ కేసు వార్తలు చూసినప్పటి నుంచి భయంగా ఉంది. ఫోన్లో టక్ టక్ మని శబ్దం వస్తే వింటున్నట్టేనా? పైగా మేం ఇంట్లో మిక్సీ పాడైందని మాట్లాడుకున్నాం, సాయంత్రానికి యూట్యూబ్‌లో అన్నీ మిక్సీ యాడ్లే! – టీచర్, వరంగల్

జవాబు: మేడం, శబ్దం గురించి నిశ్చింతగా ఉండండి. ట్యాపింగ్ ఇప్పుడు ఆపరేటర్ సిస్టంలోనే జరుగుతుంది, మీ చెవికి ఏ టక్ టక్కూ వినపడదు, ఆ చప్పుడు సిగ్నల్‌ది. యూట్యూబ్‌లో చెప్తుంటారు చూడండి, స్టార్ హ్యాష్ 21 హ్యాష్ కొడితే ట్యాపింగ్ బయటపడుతుందని, అది కాల్ ఫార్వర్డింగ్ చూపించే కోడు. అయితే చూస్కోవడం మంచిదే, మోసగాళ్ళు మాయమాటలు చెప్పి మన కాల్స్ వాళ్ళకి ఫార్వర్డ్ అయ్యేలా చేసి ఓటీపీలు వింటున్నారు కాబట్టి. మీకు తెలియని నెంబరు కనపడితే కాల్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి తీసేయండి.

మీరన్న కేసు 2024 మార్చిలో హైదరాబాద్ పంజాగుట్ట స్టేషన్‌లో పెట్టింది. మావోయిస్టుల మీద నిఘా కోసం ఉన్న విభాగాన్ని రాజకీయ నాయకుల మీదా ఇతరుల మీదా వాడారని, గవర్నమెంట్ మారగానే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని ఆరోపణ. ఎవరు చేశారు, ఎవరు చేయించారు అన్నది కోర్టు తేల్చాలి, నేను కాదు. కానీ చట్టం ఎలా ఉందో తెలుసుకుందాం. మొన్నమొన్నటి వరకు 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టమే మన ట్యాపింగ్‌కి ఆధారం. టెలిగ్రాం సర్వీసే 2013లో ఎత్తేశారు, చట్టం మాత్రం ఆ తర్వాత పదేళ్ళు నడిచింది! 1996లో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ వాళ్ళు వేసిన కేసులో సుప్రీంకోర్టు, హోం సెక్రటరీ స్థాయి అధికారి రాతపూర్వకంగా ఆర్డర్ ఇస్తేనే వినాలి, దాన్ని ఒక కమిటీ సమీక్షించాలి అంది. ఆర్డర్ రెండు నెలలు, పొడిగించినా మొత్తం ఆరు నెలలు దాటకూడదు. ఇప్పుడు 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చింది, పద్ధతి దాదాపు అదే. ఆర్డర్ ఇచ్చేదీ అధికారులే, సమీక్షించేదీ అధికారులే, మధ్యలో జడ్జి లేడు. నాకైతే ఇక్కడే తేడా కొడుతుంది.

నిజం చెప్పాలంటే మామూలు మనుషులు భయపడాల్సింది ట్యాపింగ్ గురించి కాదు. విననక్కర్లేదు మేడం, ఎవరికి ఎప్పుడు చేశారో తెలిస్తే చాలు, అది ఎలాగూ రెండేళ్ళు దాచి ఉంటుంది. 2013లో అరుణ్ జైట్లీ గారు రాజ్యసభలో ప్రతిపక్ష నాయకుడు, అంత పెద్ద మనిషి కాల్ రికార్డులనే ప్రైవేట్ డిటెక్టివ్‌లు బయటికి లాగే ప్రయత్నం చేశారని ఢిల్లీలో కేసయ్యింది, అరెస్టయినవాళ్ళలో ఒక పోలీస్ కానిస్టేబుల్ కూడా ఉన్నాడు. ఆ తర్వాతే ఎస్పీ స్థాయి వాళ్ళు అడిగితేనే రికార్డులు ఇవ్వాలని కట్టుదిట్టం చేశారు. ఆయనకే దిక్కులేకపోతే పెళ్ళి సంబంధం ఎంక్వయిరీ పేరుతో ఎవడో మన రికార్డులు కొనాలనుకుంటే ఏంటి?

మిక్సీ సంగతి. ఫోన్ మైకులో మన మాటలు విని యాడ్ వేస్తోందని ఇప్పటిదాకా ఎవరూ గట్టిగా రుజువు చేయలేదు. నన్నడిగితే, పాడయిన రోజు మధ్యాహ్నం మీ వారో పిల్లలో "మిక్సీ జార్ రిపేర్" అని వెతికి ఉంటారు, ఒకే వైఫై కాబట్టి ఆ ఇల్లంతా ఒక లెక్కలో పడిపోతుంది. ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో యాడ్స్, అక్కడ "అడ్వర్టైజింగ్ ఐడీ" డిలీట్ చేయండి. యాడ్లు ఆగవు, కానీ మీ వెనకే తిరగడం కాస్త తగ్గుతుంది.

ప్రశ్న: మా పాత ఇన్‌స్టా అకౌంట్ డిలీట్ చేసేశా. ఇంక నా డేటా అంతా పోయినట్టేనా? – కాకినాడ

జవాబు: ముందు చెప్పండి, అకౌంట్ డిలీట్ చేశారా, యాప్ అన్‌ఇన్‌స్టాల్ చేశారా? నవ్వకండి, నాకు ఫోన్ చేసే పదిమందిలో సగం మంది రెండోది చేసి మొదటిది అనుకుంటారు. నిజంగా డిలీట్ కొట్టినా 30 రోజులు ఆగుతారు, మనసు మార్చుకుంటారేమోనని. ఆ నెలలో మళ్ళీ లాగిన్ అయితే డిలీట్ రద్దయినట్టే. ఆ తర్వాత వాళ్ళ సర్వర్లలోంచి పూర్తిగా పోవడానికి 90 రోజుల దాకా పడుతుందని వాళ్ళే చెప్తారు.

దానిపైన మన చట్టం. 2021 ఐటీ రూల్స్ ప్రకారం మీరు అకౌంట్ తీసేశాక కూడా రిజిస్ట్రేషన్ అప్పుడు ఇచ్చిన వివరాలు కంపెనీ 180 రోజులు దాచి ఉంచాలి, పోలీసులు గానీ కోర్టు గానీ అడిగితే ఇంకా ఎక్కువ. అంటే మీరు తలుపేసి వెళ్ళిపోయినా ఆరు నెలలు మీ పేరు రిజిస్టర్లో ఉంటుంది. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టంలో చెరిపేయమని అడిగే హక్కు ఉంది, మన డేటాని సరిగ్గా కాపాడని కంపెనీకి 250 కోట్ల దాకా జరిమానా ఉంది, 2025 నవంబర్‌లో రూల్స్ కూడా వచ్చాయి, కానీ ముఖ్యమైన భాగాలు అమల్లోకి రావడానికి ఏడాదిన్నర గడువిచ్చారు. అదే చట్టంలో ప్రభుత్వం తనకి కావాల్సిన సంస్థలకి మినహాయింపు ఇచ్చుకునే వీలు కూడా పెట్టుకుంది, అది వేరే సంగతి.

ప్రశ్న: అన్నగారూ, నేను మెల్‌బోర్న్‌లో మాస్టర్స్ చేస్తున్నా, మా అక్క జర్మనీలో. ఇక్కడ అందరి మెటాడేటా రెండేళ్ళు దాస్తారంట. "మాటలు కాదు, నెంబర్లూ టైమే కదా" అంటారు ఇక్కడి ఫ్రెండ్స్. నిజంగా దాంతో ఏం తెలుస్తుంది?

జవాబు: నీ ప్రశ్నకి జవాబు మీ అక్క ఉన్న దేశంలోనే ఉంది. జర్మనీలో గ్రీన్ పార్టీ నాయకుడు మాల్టే స్పిట్జ్ అని, ఆయన తన ఫోన్ కంపెనీ డాయిచ్ టెలికాంని అడిగాడు, నా గురించి దాచిందంతా నాకే ఇవ్వండి అని. ఊరికే ఇవ్వలేదు, కోర్టుకెక్కితే గానీ దిగిరాలేదు. 2009 ఆగస్టు నుంచి 2010 ఫిబ్రవరి దాకా, ఆరు నెలలకి, ఎక్సెల్ షీట్లో 35,830 లైన్లు. అందులో ఒక్క మాట కూడా ఆయన మాట్లాడింది లేదు. తేదీ, టైం, కాలా మెసేజా నెట్టా, ఎంతసేపు, ఏ టవర్ కింద ఉన్నాడు, ఇంతే.

ఆయన దాన్ని తీసుకెళ్ళి డీ త్సైట్ పత్రిక వెబ్‌సైట్ వాళ్ళకిచ్చాడు. వాళ్ళు 2011లో ఆ లైన్లని మ్యాప్ మీద పెట్టి, ఆయన పబ్లిక్‌గా పెట్టుకున్న ట్వీట్లూ బ్లాగూ జతచేసి, ప్లే బటన్ పెట్టారు. నొక్కితే చుక్క కదులుతుంది. రైలెక్కింది, దిగింది, ఏ ఊళ్ళో పడుకుంది, పొద్దున్న ఎన్నింటికి ఫోన్ చేతిలోకి తీసుకుంది, ఏ వీధిలో ఎంతసేపు గడిపింది. మొదటిసారి అది చూసినప్పుడు నాకు మా సర్వర్ రూమే గుర్తొచ్చింది, మాకు ఆ ప్లే బటన్ లేదు అంతే తేడా.

యూరప్‌లో ఇదంతా 2006 నాటి ఒక డైరెక్టివ్ (యూరోపియన్ యూనియన్ తన దేశాలకి ఇచ్చే ఆదేశం) వల్ల మొదలైంది, ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా అందరి రికార్డులూ దాచాలి అని. జర్మనీ రాజ్యాంగ కోర్టు 2010 మార్చిలోనే తమ దేశపు చట్టాన్ని కొట్టేసింది, 2014 ఏప్రిల్ 8న యూరప్ అత్యున్నత కోర్టు అసలు డైరెక్టివ్‌నే చెల్లదంది. వాళ్ళు కొట్టేసిన మరుసటి ఏడాదే, 2015లో, ఆస్ట్రేలియా అలాంటిదే కొత్తగా తెచ్చుకుంది చూడు. మీ దగ్గర ఒక్క ఊరట, ఏ సైట్లు చూశావన్నది దాచమని ఆ చట్టం అడగదు. జర్నలిస్టుల రికార్డులు చూడాలంటే ప్రత్యేక వారంట్ కావాలని రూలు పెట్టుకున్నారు, 2017లో వాళ్ళ ఫెడరల్ పోలీసులే వారంట్ లేకుండా ఒక జర్నలిస్టువి చూసేశామని ఒప్పుకున్నారు. పోగేసి పెట్టాక ఇలాగే ఉంటుంది.

నువ్వు చేయగలిగింది ఏంటంటే అమ్మానాన్నలతో మాట్లాడేది సిగ్నల్ లాంటి మెసేజింగ్ యాప్‌లో మాట్లాడు. 2016లో అమెరికాలో ఒక కోర్టు రెండు నెంబర్ల గురించి మీ దగ్గరున్నవన్నీ ఇవ్వమంటే, వాటిలో అకౌంట్ ఉన్న ఒక్క నెంబరుకి సిగ్నల్ వాళ్ళు ఇచ్చింది రెండే ముక్కలు, అకౌంట్ ఎప్పుడు తెరిచారు, చివరిసారి ఎప్పుడు కనెక్ట్ అయ్యారు. దాచాలని మొండికేయలేదు, వాళ్ళ దగ్గర ఇంకేం లేదు.

ప్రశ్న: అన్నా నేను హైదరాబాద్‌ల డెలివరీ చేస్త. రాత్రిపూట చెకింగ్‌ల పోలీసోళ్ళు ఫోన్ అన్‌లాక్ చేసి ఇయ్యి, వాట్సాప్ చూస్తమంటే ఇయ్యాల్నా?

జవాబు: తమ్మీ, ఇది నీ ఒక్కడి బాధ కాదు. 2021 అక్టోబర్‌లో హైదరాబాద్ రోడ్ల మీద కుర్రాళ్ళని ఆపి చాట్లలో గంజాయి అనే మాట ఉందేమో వెతుకుతున్న వీడియోలు బయటికొచ్చి పెద్ద చర్చే అయ్యింది. దారిన పోయేవాణ్ణి కారణం లేకుండా ఆపి వాట్సాప్ తెరిపించొచ్చు అని చట్టంలో నాకైతే ఎక్కడా కనపడలేదు. కేసుంటే ఫోన్ స్వాధీనం చేసుకోవడానికి ఒక పద్ధతుంది, కాయితం రాయాలి, సాక్షులుండాలి. కానీ రాత్రి పదకొండింటికి ఎల్బీనగర్‌లో ఆర్డర్ చల్లారిపోతుంటే నువ్వు సెక్షన్లు చదువుతావా, చదవవు, నేనైనా చదవను. మర్యాదగా "సార్, ఏ కేసులో?" అని ఒక్కసారి అడుగు, చాలాసార్లు అక్కడితో వదిలేస్తారు. వదల్లేదనుకో, గొడవకి దిగకు, స్టేషన్ పేరూ టైమూ గుర్తుపెట్టుకో.

పనికొచ్చే చిట్కా ఒకటి చెప్తా. ఆర్‌సీ, లైసెన్స్ ఫోన్లో చూపించేటప్పుడే చాలామంది ఫోన్ మొత్తం అవతలివాళ్ళ చేతిలో పెట్టేస్తారు. ఆండ్రాయిడ్‌లో "యాప్ పిన్" అని ఉంటుంది, సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో ఆన్ చేసుకో. డిజీలాకర్ తెరిచి పిన్ చేసి ఇచ్చావంటే ఆ ఒక్క తెరే కనపడుతుంది, వెనక్కి పోవాలంటే మళ్ళీ నీ లాక్ నెంబర్ కావాలి. వాట్సాప్‌లో మెసేజ్‌లు వాటంతట అవే పోయేలా 24 గంటలు, 7 రోజులు, 90 రోజులు అని ఉంటాయి, ఏదో ఒకటి పెట్టుకో. బ్యాకప్ కూడా చూడు, చాట్‌కి తాళం 2016 నుంచే ఉన్నా గూగుల్ డ్రైవ్‌కి పోయే బ్యాకప్‌కి తాళం మనమే వేసుకోవాలి, చాట్ బ్యాకప్ సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. ఆ పాస్‌వర్డ్ మర్చిపోతే మాత్రం దేవుడు కూడా తెరవలేడు, రాసి అమ్మ దగ్గర పెట్టు.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికా ఎమ్మెస్‌కి వీసా అప్లై చేస్తోంది. సోషల్ మీడియా పబ్లిక్‌గా పెట్టమంటున్నారట. పాతవన్నీ డిలీట్ చేయించనా? – గుంటూరు

జవాబు: వద్దండీ, కంగారులో డిలీట్ చేయించకండి. 2019 నుంచి డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారంలో ఐదేళ్ళలో వాడిన సోషల్ మీడియా పేర్లన్నీ రాయాలి. 2025 జూన్ నుంచి చదువుకీ ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాంలకీ ఇచ్చే ఎఫ్, ఎం, జే వీసాలవాళ్ళు ప్రొఫైళ్ళు పబ్లిక్‌గా పెట్టాలన్నారు, డిసెంబర్ నుంచి హెచ్-1బీ, హెచ్-4 వాళ్ళకీ అదే. ఇంతవరకు మనం చెప్పుకున్న నిఘాల్లో ఎవరో తలుపు సందులోంచి చూసేవాళ్ళు, ఇక్కడ తలుపులు మనచేతే తీయించి లైట్లు వేసి ఉంచమంటున్నారు. నచ్చినా నచ్చకపోయినా రూలు వాళ్ళది, చదువు మనది.

కాబట్టి అబద్ధం రాయొద్దు. ఇంటర్ రోజుల్లో తెరిచి మర్చిపోయిన అకౌంట్ కూడా పాత ఈమెయిల్లో వెతికించి లిస్టులో రాయించండి, దొరక్కుండా పోతుందిలే అనుకున్నదే ఇంటర్వ్యూలో అడ్డం వస్తుంది. పబ్లిక్ చేసేముందు మాత్రం ఫోన్ నెంబరు, ఇంటి అడ్రసు, చెల్లి స్కూల్ యూనిఫాం ఫొటోలు, లొకేషన్ ట్యాగులు తీసేయించండి. ఎందుకంటే పబ్లిక్ అంటే వీసా ఆఫీసర్ ఒక్కడికే కాదు, ఊళ్ళో ఉన్న పనీపాటా లేనివాళ్ళందరికీ పబ్లిక్కే.

ప్రశ్న: అయ్యా, నేను రిటైర్డ్ హెడ్‌మాస్టర్ని. తప్పు చేయనివాడికి భయమెందుకు? గవర్నమెంట్ చూస్తే చూడనీ, దొంగలైనా దొరుకుతారు. మీరు అనవసరంగా జనాన్ని భయపెడుతున్నారనిపిస్తోంది. – రాజమండ్రి

జవాబు: మాస్టారూ, నమస్కారం. దొంగలు దొరకాలి, అందులో నాకూ మీకూ తగాదా లేదు. ఒక్కటి అడుగుతా, స్కూల్లో సర్వీస్ రిజిస్టర్లు బీరువాలో పెట్టి తాళం వేసేవారు కదా, అందులో ఉన్న టీచర్లందరూ తప్పు చేసినవాళ్ళనా? ఎప్పుడో పాతికేళ్ళ కింద ఎవరో ఆఫీసరు కోపంలో ఎర్ర ఇంకుతో రాసిన ఒక్క ముక్క ప్రమోషన్ టైంలో బయటికొచ్చి మనిషిని ఎంత ఏడిపిస్తుందో మీకు నేను చెప్పాలా. రాసినవాడు పోతాడు, రాసింది ఉంటుంది, చదివేవాడు కొత్తవాడు.

ఇంకో సంగతి, ఈ ప్రశ్న మీ ఊరి నుంచి రావడం నాకు భలే అనిపించింది. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అని ఒకాయన్ని 1941లో దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. వదిలేశారు గానీ పోలీసులు ఆయన పేరున హిస్టరీ షీట్ తెరిచారు. ఇంక రాత్రిళ్ళు కానిస్టేబుళ్ళొచ్చి తలుపు కొట్టడం, నిద్ర లేపడం, ఊరెళ్తే ఎక్కడికెళ్ళాడో రాసుకోవడం. ఆయన సుప్రీంకోర్టుకి వెళ్ళాడు. 1962 డిసెంబర్‌లో ఆరుగురు జడ్జీల తీర్పొచ్చింది, రాత్రిపూట తలుపు కొట్టడం తప్పే గానీ మిగతా నిఘా ఓకే, ప్రైవసీ అన్న హక్కు రాజ్యాంగంలో లేదు అని ఎక్కువమంది అన్నారు. ఒప్పుకోనిది జస్టిస్ కోకా సుబ్బారావు గారు, మీ రాజమండ్రిలో పుట్టినాయన, తర్వాత చీఫ్ జస్టిస్ అయ్యారు. రాజ్యాంగంలో ఆ పేరుతో రాయకపోయినా వ్యక్తి స్వేచ్ఛలో ప్రైవసీ విడదీయలేని భాగం అని, వెనకాలే ఒక నీడ తిరుగుతుంటే మనిషి స్వేచ్ఛగా ఉన్నట్టు కాదు అన్న అర్థంలో ఆయన రాశారు. జస్టిస్ షా ఆయనతో కలిశారు.

అప్పుడది ఓడిపోయిన మాట. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్కమాటగా ప్రైవసీ ప్రాథమిక హక్కు అన్నారు, ఖరక్ సింగ్ తీర్పులో ప్రైవసీ లేదన్న భాగాన్ని పక్కన పెట్టారు. కేసు వేసిన పుట్టస్వామి గారు కూడా రిటైర్డ్ జడ్జే, అప్పటికే తొంభై దాటినాయన. సుబ్బారావు గారు 1976లోనే పోయారు, చూడలేకపోయారు. నిఘా అసలే వద్దని ఆ తీర్పు కూడా అనలేదు మాస్టారూ, చట్టం ఉండాలి, సరైన కారణం ఉండాలి, కారణానికి మించి చేయకూడదు అంది. నేనడిగేదీ ఆ మూడోదే. ఒక్క దొంగ కోసం ఊళ్ళో అందరి తలుపుల ముందూ రెండేళ్ళపాటు పుస్తకం పట్టుకుని కూర్చోవడం కారణానికి మించినట్టు కాదా?

మీకు ఒక చిన్న పని కూడా చెప్తా. టెలికాం శాఖ వాళ్ళ సంచార్ సాథీ పోర్టల్‌లోకి వెళ్ళి మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూడండి. ఎన్ని చూపిస్తాయో చూశాక నాకు మళ్ళీ రాయండి. ఆధార్ జిరాక్స్ ఇచ్చిన ప్రతి చోటా ఏం జరిగిందో మనకి తెలీదు, మీది కాని నెంబరు కనపడితే అక్కడే "నాట్ మై నంబర్" నొక్కొచ్చు. ఇకమీదట జిరాక్స్ అడిగితే చివరి నాలుగంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసి ఇవ్వండి.

ప్రశ్న: అంకుల్, మా అమ్మ రోజూ నా ఫోన్ చెక్ చేస్తుంది. ఇది నిఘా కాదా? సుప్రీంకోర్టు తీర్పు పిల్లలకి వర్తించదా? – తొమ్మిదో తరగతి, నెల్లూరు

జవాబు: అమ్మలూ, పైన మాస్టారికి ఇచ్చిన జవాబు నువ్వు ముందే చదివేసినట్టున్నావ్! పద్దెనిమిదేళ్ళు నిండే వరకు నీ డేటా ఎవరైనా వాడాలంటే అమ్మానాన్నల అనుమతి తీసుకోవాలని కొత్త చట్టమే చెప్తోంది, కాబట్టి కోర్టుకెళ్తే నువ్వే ఓడిపోతావ్. ఇంకో దారి చూడు. ఈ పత్రిక అమ్మకిచ్చి, "నువ్వు నా ఫోన్ చూసుకో, కానీ నా ముందే చూడు, అప్పుడే నీ ఫోన్లో ప్రైవేట్ డీఎన్ఎస్ నేను పెడతా" అని బేరం పెట్టు. మా ఇంట్లో మా అబ్బాయి సరిగ్గా ఇలాగే నా దగ్గర గెలిచాడు, పైగా నా ఫోన్లో తెరిచి ఉన్న పదిహేను షాపింగ్ ట్యాబులు వాళ్ళమ్మకి చూపించాడు.